మెట్టెలు బిగిసే నెల

పొద్దున పట్టిన చెప్పులు సాయంత్రానికి పట్టవు. చీలమండ మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. రాత్రి ఒక పక్కకి తిరిగితే తుంటి నొప్పి, వెల్లకిలా పడుకుంటే కళ్ళు తిరుగుతాయి. పక్కింటి పిన్నిగారు వచ్చి, "కాళ్ళకి నీరొచ్చిందేమే, ఉప్పు మానెయ్" అంటారు. అమ్మేమో, "మాకూ వచ్చేది, కాన్పయితే అదే తీసేస్తుంది" అంటుంది. మీ ఆయన ఫోనులో ఏదో చదివి హడలిపోతారు. మీ మనసులో మాత్రం ఒకటే మాట: "ఇంక నా వల్ల కాదు. డాక్టరమ్మని అడిగి నొప్పుల ఇంజెక్షన్ చేయించేసుకుంటాను."

అడగండి, తప్పేం లేదు. కాకపోతే ఎప్పుడు అడగాలి, ఏం చూసుకుని అడగాలి అన్నది తెలిసి అడిగితే మీకే మంచిది. కాళ్ళు చూసి కంగారుపడేవాళ్ళు, బీపీ చూడక మోసపోయేవాళ్ళు, ఇద్దరూ మన ఇళ్ళలోనే ఉన్నారు.

నా సంగతి చెబుతాను. మొదటి కాన్పు మే నెలలో, బెజవాడ ఎండల్లో. తొమ్మిదో నెల వచ్చేసరికి కాళ్ళు పొంగి, మెట్టెలు వేళ్ళలోకి దిగిపోయాయి. సబ్బు రాసినా రాలేదు, నూనె రాసినా రాలేదు. చివరికి కంసాలిని ఇంటికి పిలిపించి కోయించాల్సి వచ్చింది. అందుకే ఈ పుస్తకంలో ఏ సలహా పాటించినా పాటించకపోయినా ఇదొక్కటి చేయండి. ఏడో నెలలోనే ఉంగరాలు తీసేయండి, మెట్టెలు వదులు చేయించండి, బిగుతు గాజులు మార్చండి. "మెట్టెలు తీస్తారా ఎవరైనా?" అని అత్తగారు అంటే, "తీయడం లేదత్తయ్యా, వదులు చేయిస్తున్నాను" అనండి. ఎలాగూ ఆపరేషన్ అవసరమైతే థియేటర్ గుమ్మం దగ్గర నర్సు అవన్నీ తీయమంటుంది. ఆ హడావుడిలో కోయించుకోవడం కన్నా ఇప్పుడు వదులు చేయించుకోవడం నయం కదా?

ఇంతకీ ఈ నీరు ఎక్కడిది? చివరి నెలలకి మీ ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. దానికి తోడు ఒళ్ళు లీటర్ల కొద్దీ నీరు నిలవ చేసుకుంటుంది. బరువెక్కిన గర్భసంచి, కాళ్ళ రక్తాన్ని గుండెకి చేర్చే పెద్ద సిర మీద కూర్చుంటుంది. దిగిన నీరు పైకి ఎక్కలేక అక్కడే ఉండిపోతుంది. మీరు నంజుకున్న ఆవకాయ బద్ద వల్ల వచ్చింది కాదిది.

ఏ వాపుకి ఓపిక పట్టాలి, ఏ వాపుకి పరుగెత్తాలి?

సాయంత్రానికి పెరిగి, రాత్రి పడుకుని లేచేసరికి కొంత తగ్గి, రెండు కాళ్ళకీ ఇంచుమించు సమానంగా ఉండే వాపు చాలావరకు మామూలు వాపే. విసిగిస్తుంది గానీ ప్రమాదం తీసుకురాదు. కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి కనిపించినా మాత్రం "రేపు చూద్దాం" అనకండి.

1. ముఖం, కళ్ళ చుట్టూ, చేతివేళ్ళు ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి ఉబ్బడం.

2. పారాసెటమాల్ వేసుకున్నా లొంగని తలనొప్పి. కళ్ళ ముందు మిణుగురులు మెరిసినట్టు ఉండడం, చూపు మసకబారడం.

3. కుడివైపు పక్కటెముకల కింద, లేదా గుండె గూటి కింద నొప్పి, దాంతోపాటు వాంతులు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా బోల్తా పడతారు. నాకు తెలిసిన ఒకమ్మాయికి రాత్రి పదింటికి ఈ నొప్పి మొదలైతే ఇంట్లో అందరూ గ్యాస్ అనుకున్నారు. వాము నీళ్ళు ఇచ్చారు, సోడా తాగించారు, పొట్ట మీద ఆముదం రాశారు. తెల్లవారి ఆసుపత్రికి వెళితే బీపీ 170/110. అదృష్టం బాగుండి తల్లీబిడ్డా దక్కారు. తొమ్మిదో నెలలో వచ్చే "గ్యాస్ నొప్పి"కి బీపీ చూపించుకున్నాకే వాము నీళ్ళు.

4. ఒక్క కాలే వాచి, పిక్క పట్టేసి, ఎర్రగా, వేడిగా ఉండడం. ఇది సిరలో రక్తం గడ్డ కట్టిందనడానికి గుర్తు కావచ్చు. ఆ కాలిని ఎవరిచేతా పిసికించుకోకండి.

5. పడుకుంటే ఊపిరాడకపోవడం, ఛాతీలో నొప్పి.

6. బిడ్డ కదలికలు తగ్గడం. భోజనం చేసి, ఎడమ పక్కకి తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే బయలుదేరండి. పది వచ్చినా, "రోజూ ఆడినట్టు ఆడటం లేదు" అని మీకు అనిపిస్తే అదీ చాలిన కారణమే.

ఇంత భయం దేనికంటే, గర్భిణికి 20 వారాలు దాటాక బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయే జబ్బు ఒకటుంది. డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్ళు గుర్రపు వాతం అనేవారు. ఒకప్పుడు వాపును కూడా ఈ జబ్బు లక్షణాల్లో లెక్కవేసేవారు. ఇప్పుడు తీసేశారు. ఎందుకంటే వాపు బాగా ఉన్నా జబ్బు లేనివాళ్ళు బోలెడుమంది. కాళ్ళు సన్నగా ఉండి బీపీ కొండెక్కి కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. రెండోవాళ్ళకే ఎక్కువ ప్రమాదం, ఎవరికీ అనుమానం రాదు కాబట్టి.

కాళ్ళని కాదు, బీపీని చూడండి

చేతికి చుట్టే బీపీ మిషన్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి. సీమంతానికి ఇంకో పట్టుచీర పెట్టబోతుంటే, దాని బదులు ఇది కొనిపెట్టమని అడిగేయండి. మణికట్టుకి పెట్టుకునే రకం వద్దు, దండకి చుట్టేదే తీసుకోండి. దండ లావుగా ఉంటే పెద్ద పట్టీ కావాలని అడిగి తీసుకోండి. చిన్న పట్టీ బిగించి చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది.

మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు ఆనించి కుర్చీలో కూర్చోండి. కాళ్ళు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. ఐదు నిమిషాలు ఊరకే ఉండండి, ఫోను కూడా పక్కన పెట్టండి. చేయి గుండె ఎత్తున ఏదైనా బల్ల మీద ఆనించి చూడండి. పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ తాకితే కాసేపాగి మళ్ళీ చూడండి. మళ్ళీ అంతే ఉంటే ఆ రోజే డాక్టరుకి చూపించుకోవాలి. పైది 160 లేదా కిందిది 110 వస్తే ఆలోచనేం లేదు, 108కి ఫోన్ చేయండి, లేదా ఉన్న బండి ఎక్కండి.

మిషన్ కొనే వీలు లేదా? ఏఎన్‌ఎం దగ్గర, పీహెచ్‌సీలో బీపీ, మూత్రపరీక్ష రెండూ ఉచితం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ప్రత్యేక పరీక్షలు 2016 నుంచి జరుగుతున్నాయి. మాతాశిశు కార్డులో అంకెలు రాయించుకోవడం మాత్రం మరవకండి. రాత్రి వేరే ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే మీ తరఫున మాట్లాడేది ఆ కార్డే.

బీపీ బాగుంది, మూత్రం బాగుంది. మరి ఈ కాళ్ళతో ఎలా వేగడం?

1. పగలు రెండు మూడుసార్లు, ఇరవై నిమిషాలసేపు, ఎడమ పక్కకి తిరిగి పడుకోండి. కాళ్ళ కింద రెండు దిండ్లు. సోఫాలో కూర్చుని కాళ్ళు స్టూలు మీద పెట్టడం కన్నా ఇది మేలు, ఆ పెద్ద సిర మీద బరువు తగ్గేది పక్కకి తిరిగినప్పుడే.

2. సాక్సుల సంగతి. మోకాలి దాకా వచ్చే బిగుతు సాక్సులు మందుల షాపుల్లో దొరుకుతాయి. పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి. కాళ్ళు పొంగాక సాయంత్రం ఎక్కించబోతే ఎక్కవు, ఎక్కినా ఏం లాభం? మన ఎండలకి ఇవి నరకమే, ఒప్పుకుంటాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వేసుకుని తీసేసినా కొంత ఫలితం ఉంటుంది.

3. నిలబడి వండే పనులు తగ్గించండి. కూరగాయలు కూర్చుని తరగండి. ఆఫీసులో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నచోటే పాదాలు పైకీ కిందికీ ఆడించినా పిక్కలు నీటిని పైకి తోడతాయి.

4. సాయంత్రం బకెట్ చల్లనీళ్ళలో పాదాలు పెట్టుకుంటే హాయి. అందులో కళ్ళుప్పు వేస్తే నీరు లాగేస్తుందన్నది వట్టిమాట. వేసుకున్నా నష్టం లేదు.

5. చేతివేళ్ళు తిమ్మిరెక్కి, రాత్రిళ్ళు గ్లాసు జారిపోతోందా? మణికట్టు దగ్గర వాపు నరాన్ని నొక్కడం వల్ల అలా అవుతుంది. పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే తగ్గుతుంది. కాన్పు తర్వాత చాలామందికి పూర్తిగా పోతుంది.

ఇక చేయకూడనివి. మన ఇళ్ళలో మంచి మనసుతోనే చేసేవి ఇవి, అందుకే కాదనడం కష్టం.

నీళ్ళు తగ్గించడం వాటిలో మొదటిది. "నీరు పట్టింది కదా, ఇంకా తాగుతావేమే?" అంటారు. తాగకపోతే ఒళ్ళు ఉన్న నీటిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మలబద్ధకం, మూత్రంలో మంట అదనం. దాహం తీరా తాగండి. రెండోది ఉప్పిడి పత్యం. అప్పడాలు, వడియాలు, నిలవ పచ్చళ్ళు కాస్త తగ్గించుకుంటే మంచిదే. బొత్తిగా చప్పిడి తిండి తింటే మాత్రం ఈ వాపూ పోదు, బీపీ జబ్బూ ఆగదు, అన్నం సహించక మీరు నీరసపడడం తప్ప. బార్లీ నీళ్ళు తాగుతానంటే తాగండి, మందు అనుకుని మాత్రం కాదు. గలిజేరు కూర, పల్లేరుకాయల కషాయం, మందుల షాపులో అడిగి తెచ్చుకునే "నీటి మాత్రలు", ఇవి మూడూ డాక్టరు చెప్పకుండా నోట్లో వేసుకోవద్దు. గర్భంతో ఉన్నప్పుడు రక్తంలో నీరు బలవంతంగా లాగేస్తే బిడ్డకి చేరే రక్తం తగ్గవచ్చు.

"నొప్పులు రప్పించేయండి డాక్టర్!"

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. వాపు ఒక్కటే ఉంటే, ఏ డాక్టరూ దాని కోసమే నొప్పులు రప్పించరు, రప్పించకూడదు కూడా. మీ బీపీ, మూత్రపరీక్ష, నిండిన వారాలు ఏం చెబుతున్నాయో దాన్నిబట్టే నిర్ణయం.

బీపీ పెరిగి, ప్రోటీన్ పోతోంది గానీ ఇతర ప్రమాద లక్షణాలు లేవా? 37 వారాలు నిండగానే కాన్పు చేయించడం ఇప్పుడున్న పద్ధతి. తీవ్ర లక్షణాలుంటే 34 వారాలకే సిద్ధపడతారు, ఒక్కోసారి అంతకన్నా ముందే. ఆ జబ్బుకి అసలు మందు కాన్పే. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్లు ఇస్తారు. ఒళ్ళంతా సెగలు పొగలు వచ్చినట్టు ఉంటుంది, భయపడకండి. ఇలాంటప్పుడు "ఇంకో వారం చూద్దాం, అమావాస్య వెళ్ళనివ్వండి" అని ఇంట్లోవాళ్ళు అంటే, మీరే నోరు తెరిచి కాదనాలి. ఇక్కడ ఆలస్యం మీ ప్రాణం మీదికి వస్తుంది.

బీపీ బాగుంది, బిడ్డ బాగుంది, మీరు మాత్రం అలసిపోయారా? అప్పుడు లెక్క వేరు. ముందు వారాలు చూసుకోండి. "తొమ్మిది నెలలు నిండాయి" అని ఇంట్లో అంటే అది 36 వారాలా, 38 వారాలా ఎవరికీ తెలియదు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో డెలివరీ డేటు ఏముందో దాన్నే పట్టుకోండి. కారణం లేకుండా 37, 38 వారాల్లో తొందరపడితే బిడ్డకి ఆయాసం, కామెర్లు, పాలు సరిగా తాగలేకపోవడం వంటి ఇబ్బందులు ఎక్కువ. ఆ రెండు వారాల ఓపిక బిడ్డ ఊపిరితిత్తులకి మీరిచ్చే మొదటి కానుక.

39 వారాలు నిండాక అడగవచ్చు. అమెరికాలో 41 ఆసుపత్రుల్లో, మొదటిసారి తల్లులవుతున్న ఆరువేల పైచిలుకు ఆరోగ్యవంతుల మీద చేసిన ఎరైవ్ అనే పరిశీలన 2018లో వచ్చింది. 39వ వారంలో నొప్పులు రప్పించినవాళ్ళలో 18.6 శాతానికి, ఆగి చూసినవాళ్ళలో 22.2 శాతానికి సిజేరియన్ అయింది. అంటే నొప్పులు రప్పిస్తే ఆపరేషన్ ఖాయమన్న మన భయానికి పునాది లేదు. అయితే ఒకటి గుర్తుచేస్తాను: ఆ ఆసుపత్రుల్లో ఓపిగ్గా ఎదురుచూశారు. మన దగ్గర? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద అది 21.5 శాతమే. కాబట్టి నొప్పులు రప్పించాలా వద్దా అన్నదాంతో పాటు, ఎవరు రప్పిస్తారు, ఎంతసేపు ఆగుతారు అన్నది కూడా అడగాలి.

ఎలా చేస్తారో తెలిస్తే సగం బెదురు పోతుంది. ముందు లోపల పరీక్ష చేసి గర్భసంచి మూతి ఎంత మెత్తబడింది, ఎంత తెరుచుకుంది, బిడ్డ తల ఎంత దిగింది అని చూసి మార్కులు వేస్తారు. 1964లో బిషప్ అనే అమెరికా డాక్టరు పెట్టిన లెక్క ఇది. ఎనిమిది దాటితే కాయ పండినట్టే. ఆరు, అంతకన్నా తక్కువైతే ముందు మూతిని పండించాలి. దానికి లోపల జెల్ పెడతారు, లేదా చిన్న మోతాదు మాత్ర పెడతారు, లేదా సన్నని గొట్టానికున్న బుడగను నీటితో నింపి పెడతారు. మూతి కాస్త తెరుచుకున్నాక ఉమ్మనీటి సంచి చిల్లి చేసి, నొప్పుల మందు సెలైన్‌లో చుక్క చుక్కగా ఎక్కిస్తారు. మొదటి కాన్పుకి ఇదంతా ఒక రోజు పట్టవచ్చు, రోజున్నర కూడా పట్టవచ్చు. "పొద్దున వెళ్ళి సాయంత్రానికి బిడ్డతో వచ్చేస్తాం" అని బంధువులకి చెప్పకండి. వాళ్ళు గంటకోసారి ఫోన్ చేసి మీ ఆయన్ని తినేస్తారు.

అడ్మిట్ కాబోయే ముందు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి:

1. నాకు ఎందుకు రప్పిస్తున్నారు? బీపీ కోసమా, డేటు దాటినందుకా, నేను అడిగినందుకా?

2. ఇవాళ నా గర్భసంచి మూతి ఎలా ఉంది? పండకపోతే రెండు రోజులు ఆగే వీలుందా?

3. ఎంతసేపు ఎదురుచూస్తారు? తల్లీబిడ్డా బాగుంటే, ఉమ్మనీరు తీసి డ్రిప్ పెట్టాక కనీసం 12 గంటలైనా చూడకుండా "ఫెయిలయింది" అనకూడదు.

4. బిడ్డ గుండె కొట్టుకోవడం ఎలా గమనిస్తారు? రాత్రి డాక్టరు, మత్తు డాక్టరు ఉంటారా?

5. నొప్పి తగ్గడానికి ఏముంది? రప్పించిన నొప్పులు మామూలు నొప్పుల కన్నా గట్టిగా అనిపిస్తాయని చాలామంది చెబుతారు. ఎపిడ్యూరల్ అడగడానికి మొహమాటం వద్దు.

ముందు కాన్పు సిజేరియన్ అయితే ఆ సంగతి అడక్కపోయినా చెప్పండి. పాత కుట్టు ఉన్నవాళ్ళకి కొన్ని మందులు పెట్టకూడదు, కుట్టు విడిపోయే ప్రమాదం ఉంది.

ముహూర్తం గురించి ఒక్కమాట. ఆపరేషన్‌కి ముహూర్తం పెట్టుకుంటున్నారు, కాదనడానికి నేనెవరిని? నొప్పులు రప్పించే కాన్పుకి మాత్రం ముహూర్తం కుదరదు. రోహిణిలో మందు పెడితే మృగశిరలో పుట్టొచ్చు. "మంచి ఘడియ దాటిపోతోంది, ఆపరేషన్ చేసేయండి" అని కారిడార్‌లో ఎవరైనా మొదలుపెడితే, అటువైపు చూసుకోవడం మీ ఆయన పని. ఆ సంగతి ముందే ఆయనకి అప్పగించండి.

ఇంటి దగ్గర నొప్పులు రప్పించుకోవాలని చూడకండి. ఆముదం తాగితే నొప్పుల కన్నా ముందు విరేచనాలు వస్తాయి. ఇంటికొచ్చి "నొప్పుల ఇంజెక్షన్" చేస్తానన్నవాళ్ళని గుమ్మం దాటనివ్వకండి. గేదె పాలు చేపడానికి దొంగచాటుగా పొడిచేది కూడా ఆ మందే. సెలైన్‌లో చుక్కలు లెక్కపెట్టి ఇవ్వాల్సిన దాన్ని ఒక్కసారి కండకి పొడిస్తే గర్భసంచి పగిలిన సందర్భాలున్నాయి.

కాన్పయ్యాక కాళ్ళు ఇంకా వాచాయేమిటి?

ఇది ఎవరూ ముందుగా చెప్పరు. ఎక్కించిన సెలైన్లు, ఒంట్లోకి తిరిగి వచ్చే నీరు కలిసి మొదటి మూడు నాలుగు రోజులు వాపు పెరగవచ్చు. తర్వాత మూత్రం, చెమట ఎక్కువై వారం రెండు వారాల్లో కాళ్ళు మీవి మీకు కనిపిస్తాయి. బాలింతకి నీళ్ళు తక్కువ ఇవ్వాలన్న పాత పత్యం ఇప్పుడు వద్దు, పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ.

కానీ బీపీ? అది కాన్పుతో దిగిపోయిందని అనుకోవడం పెద్ద పొరపాటు. మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య అది పెరిగే కాలం. సరిగ్గా అప్పుడే మీరు డిశ్చార్జి అయి ఇంట్లో ఉంటారు, అందరి కళ్ళూ బిడ్డ మీదే ఉంటాయి. గర్భంలో బీపీ ఏమీ లేనివాళ్ళకి కూడా కాన్పు తర్వాత ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. తలనొప్పి వస్తే "నిద్ర చాలక" అని సరిపెట్టుకోకండి. ఆ మిషన్ బీరువాలో పెట్టేయకుండా బాలింత మంచం పక్కనే ఉంచి, పురిటి స్నానం రోజు దాకా పొద్దునా సాయంత్రం ఒకసారి చూసుకోండి. అంకెలు కార్డులో రాయమని మీ అమ్మకి చెప్పండి.